సూర్యలంక తీరాన రెండు దళాల ఆయుధం

బాపట్ల తీరంలో ఉన్న సూర్యలంక వైమానిక స్థావరంలో, 2023 డిసెంబరులో జరిగిన 'అస్త్రశక్తి' విన్యాసంలో, నేలపైనుంచి విమానాలను కూల్చే ఆకాశ్ క్షిపణి వ్యవస్థ ఒకేసారి నాలుగు లక్ష్యాలను ఛేదించింది. హైదరాబాద్‌లోని భారత్ డైనమిక్స్ తయారుచేసే ఈ క్షిపణిని వైమానిక దళమే కాక సైన్యమూ వాడుతుంది.

ఒకే గగనతలాన్ని ఇద్దరు కాపాడేచోట అధికారం ఎవరిదన్న పోటీ తప్పదు. ఉదాహరణకు, సముద్రంపై నిఘా పెట్టే సూపర్ కాన్‌స్టెలేషన్ విమానాలు దీర్ఘకాల వాదం తర్వాత 1976లో వైమానిక దళం నుంచి నౌకాదళానికి మారాయి. ఒక ప్రాంతంలోని మూడు దళాలనూ ఒకే సేనాధిపతి కింద ఉంచే 'థియేటర్ కమాండ్' ఏర్పాటు విషయంలోనూ, పరిమితంగా ఉన్న యుద్ధవిమానాలను పంచితే బలం చెదురుతుందని వైమానిక దళం వాదించింది. ఆ వాదన స్వార్థం కాదు, వృత్తిపరమైన ఆందోళన. దానిని అలాగే గౌరవించాలి.

అయినా 2025 మేలో, ఆపరేషన్ సిందూర్ సమయంలో, సైన్యపు గగనరక్షణ సమాచార వ్యవస్థ 'ఆకాశ్‌తీర్', వైమానిక దళపు సమీకృత నియంత్రణ వ్యవస్థతో అనుసంధానమై, పాకిస్తాన్ డ్రోన్లను అడ్డుకోవడంలో తోడ్పడింది.