ఊపిరితిత్తికి ఆపరేషన్ చేస్తే గుండె చుట్టూ నీరెందుకు?

అంబాజీపేటలో ఒలిచిన కొబ్బరికాయను చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపల నీళ్లు గలగలమంటాయి. మన గుండె చుట్టూ కూడా కాస్త నీరుంటుంది, తెలుసా?

గుండె ఉండేది రెండు పొరల సంచిలో. దాని పేరు హృదయావరణం. పొరల మధ్య 15 నుంచి 50 మిల్లీలీటర్ల ద్రవం ఉంటుంది. గుండె రోజుకు సుమారు లక్షసార్లు కొట్టుకున్నా ఒరిపిడి లేకుండా కాపాడేది అదే.

మరి ఆపరేషన్ తర్వాత ఆ ద్రవం ఎక్కువెందుకవుతుంది? ఊపిరితిత్తులు ఈ సంచిని ఆనుకునే ఉంటాయి. ఎడమదానికైతే గుండె ఇమిడేలా ఓ నొక్కు కూడా ఉంటుంది. క్యాన్సర్ లాంటి జబ్బుకు ఊపిరితిత్తిలో కొంత భాగం తీసేటప్పుడు, ఒక్కోసారి సంచిని తెరవాల్సి వస్తుంది. అప్పుడు పొర కంది, వాచి, ద్రవం ఊరుతుంది. అరుదుగా రక్తమూ చేరుతుంది.

ఎంత చేరిందన్నదే కాదు, ఎంత వేగంగా చేరిందన్నదీ ముఖ్యమే. గోదారి మెల్లగా పెరిగితే లంకవాసులు పశువులను మెరక మీదికి తోలుకుంటారు. రాత్రికి రాత్రే గట్టు తెగితే? ఇదీ అంతే! వారాల తరబడి చేరితే సంచి సాగి, లీటరునైనా ఓర్చుకోవచ్చు. గబుక్కున చేరితే 200 మిల్లీలీటర్లే గుండెను నొక్కేస్తాయి. గుండె విచ్చుకోలేదు, రక్తం నింపుకోలేదు. ఆయాసం వస్తుంది, మెడలోని సిరలు ఉబ్బుతాయి, బీపీ పడిపోతుంది.

డాక్టర్లు ఎకో పరీక్షలో చూసి, బొండంలో స్ట్రా వేసినట్టు సూదితో దారి చేసి, సన్నని గొట్టంతో ఆ నీటిని తీసేస్తారు. గుండె మళ్లీ హాయిగా విచ్చుకుంటుంది.