నాలుగు మీటర్ల బండి, నల్లరేగడి దారి

సూరత్ నగరం గుండా తాపీ నది ప్రవహిస్తున్నది. ఆ నదికి ఉత్తరాన, ముంబయి–అహమ్మదాబాద్ రైలుమార్గం మీద, ఉత్రాణ్ స్టేషన్ తరువాత వచ్చేదే కోసాడ్. ఒకప్పుడు అది పల్లె. నేడు నగరపాలక సంస్థ పేద కుటుంబాల కొరకు కట్టించిన బహుళ అంతస్తుల ఇండ్లు అక్కడ బారులు తీరి ఉన్నవి. ఇంకొంత దూరం సాయణ్ వైపు సాగితే నగరం వెనుకబడి చెరకు తోటలు ఎదురవుతాయి. తారురోడ్డు దిగి పొలంబాటలో కాలు పెడితే, వానకాలంలో చెప్పులకు అరచేయి మందాన అంటుకొనే మట్టి తెలుగువారికి కొత్తది కాదు. అది నల్లరేగడి.

తెలంగాణ నేత ప్రాంతాల నుండి మగ్గాల పనిని వెదుకుకొంటూ వచ్చి సూరత్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నవి. వారి రెండవ తరం, మూడవ తరం ఇప్పుడు మొదటి కారు కొనే దశకు వచ్చినవి. అటువంటి ఒక కుటుంబాన్ని కోసాడ్‌లో ఊహించుకోవచ్చును. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, మోకాళ్ల నొప్పులతో బాధపడే తల్లి. వారంలో ఆరు రోజులు నది దాటి రింగ్ రోడ్డులోని బట్టల బజారుకు పోవాలి. ఆదివారం సువాలీ సముద్రతీరం, సెలవుల్లో డాంగ్ అడవులలోని సాపుతారా కొండ, ఏడాదికొకసారి స్వగ్రామానికి దాదాపు వేయి కిలోమీటర్ల ప్రయాణం. చేతిలో ఉన్నది, అప్పుతో కలిపి, పది పన్నెండు లక్షల రూపాయలు.

షోరూములో మాత్రం కనిపించే ప్రతి రెండవ బండికీ ఎస్.యు.వి. అన్న పేరే. రోజువారీ పనికీ, అప్పుడప్పుడు మట్టిదారికీ ఒకే బండి పనికివస్తుందా? వచ్చేటట్లయితే దానిని ఎంచుకోవడం ఎట్లా?

పేరు ఒకటే, పుట్టుక వేరు

మన దేశంలో దారిలేని చోట నడిచే బండి అంటే చాలాకాలం జీపే. రెండవ ప్రపంచ యుద్ధం కొరకు తయారైన విల్లీస్ జీపులను యుద్ధానంతరం మహీంద్రా సంస్థ ఇక్కడ బిగించసాగినది. 1985లో మారుతి జిప్సీ వచ్చినది. ఈ బండ్లు గట్టివి. కాని వాటిలో కూర్చుండి రోజూ ఆఫీసుకు పోవడం ఒక వ్యాయామం. 2012లో రెనో డస్టర్, 2013లో ఫోర్డ్ ఎకోస్పోర్ట్ రావడంతో మరొక జాతి బయలుదేరినది. రూపం జీపుది, నడక కారుది. నేడు కాంపాక్ట్ ఎస్.యు.వి. అని పిలువబడే వాటిలో అధికభాగం ఈ జాతికి చెందినవే.

రెండు బండ్లను పక్కపక్కన నిలిపితే సంగతి తేటపడుతుంది. ఒకటి కియా సోనెట్. ఆంధ్రప్రదేశ్‌లోని పెనుకొండ వద్ద గల కర్మాగారంలో తయారై 2020లో విపణికి వచ్చినది. రెండవది మారుతి సుజుకి జిమ్నీ. దాని అయిదు తలుపుల రూపం 2023లో వచ్చినది. సోనెట్ పొడవు 3,995 మిల్లీమీటర్లు, జిమ్నీ పొడవు 3,985. అడుగుభాగం నేలకు ఎంత ఎత్తున ఉన్నదో చెప్పే గ్రౌండ్ క్లియరెన్స్ మొదటిదానికి 205, రెండవదానికి 210 మిల్లీమీటర్లు. కాగితం మీద చూస్తే కవల పిల్లలే!

కిందికి వంగి చూస్తే చుట్టరికం కూడా కనిపించదు. సోనెట్‌కు పైకప్పు నుండి నేలరేకు వరకు ఒకే పెట్టెగా అతికిన దేహం ఉన్నది. ఇంజను శక్తి ముందు చక్రాలు రెంటికే అందుతుంది. జిమ్నీకి లారీకి వలె నిచ్చెన ఆకారపు ఉక్కు చట్రం, ముందూ వెనుకా గట్టి ఇరుసులు ఉన్నవి. అవసరమైనప్పుడు నాలుగు చక్రాలకూ శక్తి అందుతుంది. దానికి తోడు, వేగాన్ని తగ్గించి లాగే బలాన్ని పెంచే ప్రత్యేకమైన గేరు ఒకటి ఉన్నది. ఇది ఒకదానిని పొగిడి మరొకదానిని తీసివేయడానికి చెప్పే మాట కాదు. ఎడ్లబండిని, గుర్రపుబండిని ఒకే కొలబద్దతో కొలవరాదని చెప్పడానికి మాత్రమే.

వారంలో ఆరు రోజులు

కొనేవారు సాధారణంగా సాపుతారా కొండను తలచుకొని బండిని చూస్తారు; డబ్బు చెల్లించిన తరువాత బట్టల బజారు సందులో దానిని నడుపుతారు. కాబట్టి పరీక్ష సందుతోనే ఆరంభం కావాలి.

షోరూము వారు నడిపి చూడమన్నప్పుడు ఒంటరిగా పోరాదు. మోకాళ్ల నొప్పులున్న తల్లిని వెంట తీసుకొనిపోవాలి. ఆమె మరొకరి చేయి పట్టకుండ ఎక్కి దిగగలదా అన్నది చూడవలసిన మొదటి విషయం. సీటు నడుము ఎత్తున ఉంటే సుఖం. అంతకు మించితే అది మెట్టు కాదు, గోడ. తరువాత వెనుక సీటులో ముగ్గురిని కూర్చుండబెట్టాలి. ఇక్కడే కోసాడ్ కుటుంబానికి ఒక గట్టి సమాధానం దొరుకుతుంది. జిమ్నీలో సీట్లు నాలుగే. అయిదుగురు ఉన్న ఇంటికి, అది ఎంత సమర్థమైనదైనా, ఒకరిని ఇంటివద్ద విడిచిపెట్టే బండి అవుతుంది. సామాను చోటు కూడా సుమారు 210 లీటర్లు మాత్రమే. సోనెట్‌లో అది దాదాపు రెట్టింపు ఉంటుంది. స్వగ్రామానికి పోయే ప్రయాణంలో ఈ తేడా పెట్టెల లెక్కలో తెలిసివస్తుంది.

వెనుకకు తిప్పేటప్పుడు అద్దంలోంచి ఎంత కనిపిస్తున్నది, ఇంటి ముందు ఉన్న చోటులో ఒకే తిప్పుతో మళ్లుతున్నదా, గతుకుల రోడ్డు మీద 30 కిలోమీటర్ల వేగంతో పోయేటప్పుడు వెనుక కూర్చున్నవారి నడుముకు ఎట్లా ఉన్నది అన్నవి కూడా గమనించాలి. ఎత్తయిన బండి మలుపులో కారు కన్న ఎక్కువ ఒరుగుతుంది. ప్రమాద పరీక్షలలో ఎన్ని నక్షత్రాలు వచ్చినవో అడగడం మరువరాదు. భారత్ ఎన్‌క్యాప్ అనే ఆ పరీక్షా విధానం మన దేశంలో 2023 నుండి అమలులో ఉన్నది.

మూడు కోణాల లెక్క

ఇక మట్టిదారి. గ్రౌండ్ క్లియరెన్స్ అంకె ఒక్కటే చూసి తృప్తిపడేవారు సగం లెక్కనే చూసినవారవుతారు. బండి మూతి నేలకు తగలకుండ ఎంత ఏటవాలు ఎక్కగలదో చెప్పేది మొదటి కోణం. తోక తగలకుండ ఎంత ఏటవాలు దిగగలదో చెప్పేది రెండవది. గట్టు దాటేటప్పుడు పొట్ట నేలను రాచుకోకుండ చూసేది మూడవది. అయిదు తలుపుల జిమ్నీకి ఇవి వరుసగా 36, 50, 24 డిగ్రీలు. 2020లో వచ్చిన మహీంద్రా థార్‌కు 41.8, 36.8, 27 డిగ్రీలు.

ఇందులో నేర్చుకోదగిన సంగతి ఒకటి ఉన్నది. విదేశాలలో అమ్మిన మూడు తలుపుల జిమ్నీలో ముందు చక్రానికీ వెనుక చక్రానికీ నడుమ దూరం 2,250 మిల్లీమీటర్లు. దాని పొట్ట కోణం 28 డిగ్రీలు. వెనుక తలుపుల కొరకు, కాళ్ల చోటు కొరకు ఆ దూరాన్ని 2,590కి పెంచగానే కోణం 24కు పడిపోయినది. సౌకర్యం ఊరక రాదు. ఎక్కడో ఒకచోట దాని వెల చెల్లించక తప్పదు.

బరువు విషయం మరొకటి. అయిదుగురు ఎక్కి, సామాను నింపితే స్ప్రింగులు కుంగి కారు జాతి బండి అడుగుభాగం నేలకు దగ్గరవుతుంది. ఖాళీ బండికి చెప్పిన 205 అప్పుడు 205గా ఉండదు. గట్టి ఇరుసుల బండిలో సాధారణంగా అన్నిటికన్న కిందనుండేది ఇరుసు మధ్యనున్న డిఫరెన్షియల్ గుండు. అది చక్రాలతోనే ఉంటుంది కాబట్టి బరువు వేసినా కిందికి దిగదు. పొలంబాటలో నడిమి గట్టు రాచుకొనేటప్పుడు ఈ భేదం చెవికి వినిపిస్తుంది.

రేగడి, ఇసుక

నల్లరేగడి ఎండాకాలంలో సిమెంటు వలె గట్టిగా ఉండి, పర్రెలు విచ్చి ఉంటుంది. ఆ దారిలో ముందు చక్రాలతో నడిచే బండి నెమ్మదిగా, నిశ్చింతగా పోగలదు. ఒక్క వాన పడగానే లెక్క తలక్రిందులవుతుంది. నీటిని పీల్చుకొని ఉబ్బే ఆ బంకమట్టి టైరు గాళ్లను నింపివేస్తుంది. గాళ్లు నిండిన టైరు నున్నని గుండ్రాయితో సమానం. అప్పుడు నాలుగు చక్రాలూ లాగినా, ఆ నాలుగూ జారడమే జరుగవచ్చును. కాబట్టి మట్టిదారికి పోవలసినవారు ఇంజను బలం కన్న ముందు టైర్లను గూర్చి అడగాలి. లోతైన, ఎడమైన గాళ్లున్న టైర్లు బురదను విదిలించుకొంటాయి. అయితే తారురోడ్డు మీద అవి ఎక్కువ రొద చేస్తాయి, ఇంధనాన్నీ ఎక్కువ తింటాయి.

ఇసుకలో పద్ధతి వేరు. టైర్లలో గాలి తగ్గిస్తే అవి నేలమీద పరచుకొని బరువును పంచుతాయి. తిరిగి తారురోడ్డు ఎక్కేముందు గాలి నింపుకోవాలి. కాని ఖంభాత్ సింధుశాఖ తీరంలో ఈ విద్య కూడా చాలదు. ఇక్కడి ఆటుపోట్లు దేశంలోనే పెద్దవి. నీరు వెనుకకు పోయిన చోట పైన గట్టిగా కనిపించే పొర కింద మెత్తని బురద ఉంటుంది. 2025 జూలైలో సూరత్ సమీపాన ఉన్న డుమస్ తీరంలో, బండ్లు దింపరాదన్న నిషేధం ఉండగానే, ఖరీదైన ఒక విదేశీ కారు ఆ బురదలో కూరుకుపోయినది. తీరం దాకా పోయి, రోడ్డు మీదనే బండిని నిలిపి, నడిచిపోవడం అక్కడ తెలివైన పని.

నాలుగు చక్రాల చోదకం బండిని కదిలించడానికి మాత్రమే సహాయపడుతుందని మరువరాదు. ఆపే శక్తిని అది పెంచదు. బ్రేకులు ప్రతి బండిలోనూ నాలుగు చక్రాలకే ఉంటాయి.

నీటి ముందు ఎత్తు ఎంత?

సూరత్‌లో ఎత్తయిన బండి కొనేవారి మనస్సులో, చెప్పినా చెప్పకపోయినా, ఒక భయం ఉంటుంది. 2006 ఆగస్టులో ఉకాయీ జలాశయం నుండి విడిచిన నీరు తాపీ వెంట వచ్చి నగరంలో అత్యధిక భాగాన్ని ముంచివేసినది. ఆ జ్ఞాపకం చేతనే, ‘ఎత్తుగా ఉంటే నీటిలో పోవచ్చును’ అన్న మాట అమ్మకానికి పనికివస్తుంది. ప్రాణానికి ముప్పు తెచ్చే మాట కూడా అదే.

చిన్న లెక్క వేసి చూడవచ్చును. నాలుగు మీటర్ల పొడవు, మీటరు ముప్పావు వెడల్పు గల బండి ఏడు చదరపు మీటర్ల చోటు ఆక్రమిస్తుంది. దాని బరువు 1,200 కిలోలనుకొంటే, అడుగుభాగం 17 సెంటీమీటర్లు మునిగేసరికి తొలగిన నీటి బరువు బండి బరువుతో సమానమవుతుంది. నేల నుండి అడుగుభాగం వరకు 20 సెంటీమీటర్లు. రెండూ కలిపితే 37. అంటే మోకాలి లోతు రాకముందే బండి తేలడానికి సిద్ధమవుతుంది! అడుగుభాగం చదునైన పెట్టె కాదు, నీరు లోనికి కూడా చొరబడుతుంది. కనుక ఇది ఉజ్జాయింపు లెక్క మాత్రమే. కాని చక్రాల పట్టు తగ్గడానికి పూర్తిగా తేలవలసిన పని లేదు. పారే నీటిలో మిగిలిన పని ప్రవాహమే చేస్తుంది. 2020 అక్టోబరులో హైదరాబాదు వీథులలో కార్లు కాగితపు పడవల వలె కొట్టుకొనిపోయిన దృశ్యాన్ని తెలుగువారు చూసే ఉన్నారు. రెండడుగుల ప్రవాహం పెద్ద ఎస్.యు.వి.లను సైతం ఈడ్చుకొనిపోగలదని అమెరికా వాతావరణ శాఖ హెచ్చరిస్తున్నది.

థార్ 650 మిల్లీమీటర్ల లోతు నీటిలో పోగలదని తయారీదారులు చెప్పుతారు. అటువంటి అంకెలను నిలిచిన నీటికి, గట్టి నేలకు, నెమ్మదైన వేగానికి మాత్రమే అన్వయించుకోవాలి. గాలి పీల్చే గొట్టం గుండా నీరు ఇంజనులో ప్రవేశిస్తే మరొక ప్రమాదం. గాలి నొక్కుకుంటుంది, నీరు నొక్కుకోదు. పిస్టన్ పైకి రాలేక కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. అందుచేత నీటిలో ఆగిన బండిని మరల స్టార్టు చేయరాదు. బీమా తీసుకొనేటప్పుడు ఇంజను రక్షణ అందులో చేరి ఉన్నదా అని విడిగా అడగాలి. 2005 జూలైలో ముంబయి జలమయమైనప్పుడు కొందరు తమ కార్లలోనే చిక్కుకొని మరణించారు. కిటికీ అద్దం పగులగొట్టే చిన్న సుత్తిని చేతికందే చోట ఉంచుకోవడం ఆ దుర్ఘటన నేర్పిన పాఠం.

చివరి కూడిక

పన్ను కూడా ఈ రెండు జాతులను వేరు చేసి చూస్తున్నది. 2025 సెప్టెంబరు 22 నుండి, నాలుగు మీటర్లకు మించని పొడవుతో 1,200 సి.సి.కి లోపు పెట్రోలు ఇంజను లేదా 1,500 సి.సి.కి లోపు డీజిలు ఇంజను గల కార్లకు జి.ఎస్.టి. 18 శాతం. ఆ హద్దు దాటితే 40 శాతం. సోనెట్ హద్దులోనే ఉన్నది. జిమ్నీ పొడవులో చిన్నదే అయినా దాని పెట్రోలు ఇంజను 1,462 సి.సి.; కనుక హద్దు దాటినది.

సాయణ్ దాపున చెరకు తోట ఉండి, వానకాలంలో కూడా రేగడిలో పోక తప్పని రైతుకు జిమ్నీ వంటి బండి మీద పెట్టిన ఆ అదనపు డబ్బు వృథా కాదు. కోసాడ్‌లోని ఆ అయిదుగురి ఇంటికి మాత్రం సోనెట్ జాతి బండి చాలును. సాపుతారా దాకా ఉన్నది మంచి ఘాట్ రోడ్డే. ఎండిన పొలంబాటకు వారికి కావలసినది మంచి టైర్లు, కొంత ఎత్తు, కొంత ఓర్పు. అయితే ఆ బండి కొన్ననాడే ఇంటిల్లిపాదీ ఒక నియమం పెట్టుకోవాలి. వాన కురిసిన రాత్రి, రైలుకట్ట కింది దారిలో నీరు నిలిచి, అడుగున రోడ్డు కనిపించనప్పుడు, ముందటి బండి పోయినా సరే, తమ బండిని వెనుకకు తిప్పాలి. చుట్టుదారి అరగంట ఎక్కువ పట్టవచ్చును. ఇంటివద్ద ఎదురుచూసేవారికి ఆ అరగంట పెద్ద ఆలస్యం కాదు.