ఇరవై అయిదు దాటిన సైకిల్

ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు సుమారు 20 కిలోమీటర్లు. 36 వోల్టుల, 10 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఉన్న ఎలక్ట్రిక్ సైకిల్ మీద గంటకు 25 కిలోమీటర్లు దాటకుండా, మధ్యమధ్యలో కాస్త పెడల్ తొక్కుకుంటూ పోతే అక్కడ పని చూసుకుని మళ్లీ ఇల్లు చేరవచ్చు. అదే చార్జితో 45 మీద పోదామంటే జమ్మలమడుగు పొలిమేర కూడా అందదు. కారణం గాలి. నిటారుగా కూర్చున్న మనిషిని 25 వేగంతో నడపడానికి 175 వాట్ల దాకా సరిపోతాయి. 45కి దాదాపు 780 కావాలి. వేగం రెట్టింపైనా కాకముందే శక్తి నాలుగు రెట్లు దాటిపోతుంది. ఎదురుగాలి ఉంటే చెప్పనే అక్కర్లేదు.

అయినా బ్యాటరీ సైకిల్ కొన్న కుర్రాడు వారం తిరక్కుండా అడిగే ప్రశ్న ఒకటే: "అన్నా, దీని స్పీడు ఎట్లా పెంచాల?" జవాబేమో సులువు. చవక రకం కంట్రోలర్లు చాలావాటిలో ఒక జత సన్నటి వైర్లు ఉంటాయి. అవి కలిసి ఉంటే మోటారు 25 దగ్గర ఆగుతుంది. విడదీస్తే ఆ హద్దు పోతుంది. అంతకు మించి కావాలనుకునేవాళ్లు 48 వోల్టుల బ్యాటరీ, 1000 వాట్ల హబ్ మోటారు ఉన్న కిట్టు ఆన్‌లైన్‌లో తెప్పించి మామూలు సైకిల్‌కే బిగిస్తారు. అంతా కలిపి ఒక పూట పని.

ఆ పూటతో సైకిల్ చట్టం దృష్టిలో వేరే బండి అయిపోతుంది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం మోటారు అరగంటపాటు నిలకడగా ఇచ్చే శక్తి 250 వాట్ల లోపు, వేగం 25 లోపు, బ్యాటరీ కాక బరువు 60 కిలోలకు మించకుండా ఉంటేనే దాన్ని మోటారు వాహనంగా లెక్కించరు. లైసెన్సు, నంబరు ప్లేటు, ఇన్సూరెన్స్ అక్కర్లేదనే మాట అంతవరకే. హద్దు దాటిన సైకిల్‌ను లైసెన్సు లేకుండా నడిపితే మోటారు వాహనాల చట్టంలో 5,000 రూపాయల జరిమానా ఉంది, ఇన్సూరెన్స్ లేనందుకు మొదటిసారి 2,000. నడిపింది మైనరైతే 2019 సవరణ తరువాత తండ్రికో సంరక్షకుడికో 25,000 జరిమానా, మూడేళ్ల దాకా జైలు. కొడుకు ట్యూషన్‌కు పోతాడని సైకిల్ కొనిచ్చిన తండ్రికి ఈ సంగతి చెప్పేవాళ్లు లేరు.

జరిమానా కట్టి బయటపడవచ్చు. నాకు భయం ఇన్సూరెన్స్ గురించే. రోడ్డు దాటుతున్న ముసలాయనకు ఈ సైకిల్ తగిలి తుంటి విరిగితే, కోర్టు వేసే నష్టపరిహారమంతా ఆ ఇంటివాళ్లే చెల్లించాలి. ఇల్లో పొలమో అమ్మాల్సిన పరిస్థితి రావచ్చు.

ఇక బ్రేకులు. మంచి తారు రోడ్డు మీద, మంచి బ్రేకులతో 25 వేగంలో పోతున్న సైకిల్‌ను, ఉలిక్కిపడి బ్రేకు పట్టే ఒక్క సెకనుతో కలిపి, 12 మీటర్లలో ఆపవచ్చు. 45లో అది 28 మీటర్లు. పెన్నా వంతెన దాటి యర్రగుంట్ల దిక్కు పోయే రోడ్డు మీద సిమెంటు లారీలు, నాపబండల లారీలు రాల్చిన దుమ్ము, గులకరాళ్లు ఉంటాయి. అక్కడ 28 కూడా చాలదు. రిమ్మును పట్టే రబ్బరు బ్రేకులతో ఆ వేగం నడపకూడదు. ముందూ వెనకా డిస్క్ ఉండాలి, బ్రేకు పట్టగానే మోటారు ఆగే స్విచ్చు రెండు లీవర్లలోనూ పనిచేయాలి. వెనక చక్రం పైకెత్తి థ్రాటిల్ కొంచెం తిప్పి ఒక్కో బ్రేకూ పట్టి చూస్తే చాలు, స్విచ్చు ఉందో పోయిందో తెలుస్తుంది.

అంతకన్నా ముఖ్యమైనది వెనక ఇరుసు. చక్రం హబ్‌లోనే మోటారు పెట్టే పద్ధతికి ఆగ్డెన్ బోల్టన్ అనే అమెరికన్ 1895లోనే పేటెంట్ తీసుకున్నాడు. నేటికీ ఆ పద్ధతిలోని చిక్కు ఇదే: మోటారు చక్రాన్ని ముందుకు తిప్పేటప్పుడు ఇరుసును అంతే బలంతో వెనక్కి తిప్పబోతుంది. ఇరుసుకు రెండు వైపులా చదును చేసి, ఫ్రేము గాడిలో కూర్చోబెట్టేది అందుకే. 250 వాట్లకు ఆ గాడి తట్టుకుంటుంది. 1000 వాట్లు రోజూ గుంజుతుంటే గాడి అంచులు అరుగుతాయి, ఒకరోజు ఇరుసు గిర్రున తిరిగి వైర్లు తెంపుకుంటుంది. చక్రమే ఊడి రావచ్చు. ఇనుప ఫ్రేమైతే గాడి వంగి ముందే తెలుస్తుంది. అల్యూమినియం హెచ్చరిక లేకుండా పగులుతుంది. దీనికి విరుగుడు టార్క్ ఆర్మ్. అది ఇరుసును పట్టుకుని ఫ్రేముకు బిగించే చిన్న ఉక్కు పట్టీ. కిట్టుతో పాటు చాలాసార్లు రాదు, విడిగా కొనాలి. నట్టు బిగించాక దాని మీదుగా ఫ్రేము దాకా పెయింటుతో ఒక గీత గీయండి. వారానికోసారి చూడండి. గీత రెండు ముక్కలై పక్కకు జరిగిందంటే నట్టు వదులైనట్టే. చువ్వలు కూడా వేళ్లతో మీటి చూడాలి. మోటారు బరువుకు కొత్త చక్రంలో చువ్వలు మొదటి నెలలోనే సడలుతాయి.

బ్యాటరీకి మన ఎండే మొదటి శత్రువు. కడప జిల్లాలో మే నెలలో 40 డిగ్రీలు దాటడం మామూలే. ఎండన నిలబెట్టిన సైకిల్‌లో ప్యాక్ ఇంకా వేడెక్కుతుంది. ఇంటికి రాగానే చార్జింగు పెట్టవద్దు, చల్లారనివ్వాలి. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో ఒకరు, నిజామాబాద్‌లో ఒక వృద్ధుడు ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీ పేలి చనిపోయారు. రెండు చోట్లా రాత్రిపూట ఇంట్లో చార్జింగు పెట్టారు, ఇంటిల్లిపాదీ నిద్రలో ఉన్నారు. ఆ ఏడాది డిసెంబరు నుంచి రిజిస్టరయ్యే బండ్ల బ్యాటరీలకు పరీక్షలు కఠినం చేశారు. ఎవరో అతికించి ఇచ్చిన 48 వోల్టుల ప్యాక్ ఏ పరీక్షకూ పోదు. పడక గదిలో, మెట్ల కింద, వాకిలికి అడ్డంగా దాన్ని చార్జింగు పెట్టకండి.

ఇంత చెప్పినా వేగం కోరే మనిషిని నేను తప్పుపట్టను. ప్రొద్దుటూరులో అమ్మవారిశాల గుడి చుట్టూ బంగారం అంగళ్ల వీధుల్లో తిరగడానికి 25 ఎక్కువే. కానీ తెల్లవారుజామున యర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీ షిఫ్టుకో, జమ్మలమడుగు పనికో రోజూ పోయేవాడికి ఆ రోడ్డు మీద లారీల పక్కన 25తో పోవడమూ ప్రమాదమే. స్కూటర్ కొనే స్తోమత అందరికీ ఉండదు. కాలిఫోర్నియాలో 2016 నుంచి ఇలాంటి సైకిళ్లకు వేరే తరగతి ఉంది. పెడల్ తొక్కితేనే మోటారు సాయం, అదీ గంటకు 28 మైళ్ల దాకా, అంటే 45 కిలోమీటర్లు. నడిపేవాళ్లకు 16 ఏళ్లు నిండాలి, హెల్మెట్ తప్పనిసరి. బెల్జియంలో ఈ వేగం సైకిళ్లకు నంబరు ప్లేటు కూడా ఉంటుంది. మన దగ్గర కంపెనీ ముందుగా మోడల్‌కు అనుమతి తెచ్చుకుంటే తప్ప రిజిస్ట్రేషన్ లేదు. కిట్టు బిగించిన ఒక్క సైకిల్‌ను జాగ్రత్తగా తయారుచేసుకుని తీసుకుపోయినా రవాణా కార్యాలయంలో నంబరు ఇవ్వరు. యోగి వేమన విశ్వవిద్యాలయం ఇంజినీరింగ్ కాలేజీ ప్రొద్దుటూరులోనే ఉంది. అలాంటి చోట బ్రేకు దూరం, ఇరుసు బిగింపు, బ్యాటరీ వేడి పరీక్షించి కాగితం ఇచ్చే ఏర్పాటు, ఆ కాగితం చూసి చిన్న నంబరు ప్లేటు, చవక ఇన్సూరెన్స్ ఇచ్చే నిబంధన రావాలి.