ఎనీడెస్క్ కోడ్ చెప్పమంటే చెప్పేయాలా? ఫోన్‌లో అసలు ఏం జరుగుతుందో చూద్దాం

లాస్ట్ ఇయర్ మా నాన్నగారు ఫోన్ చేసి, "కొరియర్ ఆఫీస్ నుంచి అంటున్నార్రా, ఎనీడెస్క్ నంబర్ అడుగుతున్నారు. నువ్వు పెట్టించిన యాపే కదా, చెప్పేయనా?" అన్నారు. నాకు ఒక్క క్షణం నోట మాట రాలేదు. ఎందుకంటే ఆ యాప్ ఆయన ఫోన్‌లో వేయించింది నిజంగా నేనే. ఆ నమ్మకంతోనే ఆయన సగం ఒప్పేసుకున్నారు.

యాప్ తప్పేం లేదండి. ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ రెండూ జర్మనీ కంపెనీలవి, ఐటీ సపోర్ట్ వాళ్లు రోజూ వాడతారు. కానీ 2019 ఫిబ్రవరిలోనే ఆర్‌బీఐ ఎనీడెస్క్ పేరు చెప్పి మరీ బ్యాంకులను హెచ్చరించింది.

ఇప్పుడు అసలు మ్యాటర్. నంబర్ చెప్పినంత మాత్రాన ఫోన్ వాళ్ల చేతికి వెళ్లదు. అవతలివాడు ఆ నంబర్ కొడితే మీ దగ్గర రిక్వెస్ట్ వస్తుంది, మీరు యాక్సెప్ట్ నొక్కాలి. తర్వాత ఆండ్రాయిడే, స్క్రీన్ మీద కనిపించేదంతా ఈ యాప్‌కి తెలుస్తుంది, స్టార్ట్ చేయాలా అని అడుగుతుంది. చూడటానికి ఇంతే చాలు. వాడే మీ ఫోన్ ఆపరేట్ చేయాలంటే యాక్సెసిబిలిటీ పర్మిషన్ కూడా ఇవ్వాలి. అందుకే వాడు ఫోన్ పెట్టనివ్వడు, "సార్ అలో నొక్కండి, నెక్స్ట్ నొక్కండి" అని తొందరపెడుతూనే ఉంటాడు. ఐఫోన్‌లో అయితే ఈ యాప్స్‌తో స్క్రీన్ చూడగలరు గానీ ఆపరేట్ చేయలేరు.

"మా బ్యాంక్ యాప్ షేరింగ్‌లో నల్లగా కనిపిస్తుంది కదా బ్రో" అని అడుగుతారు. చాలా యాప్స్‌లో నిజమే. కానీ ఓటీపీ వచ్చేది మెసేజెస్‌లో. ఆండ్రాయిడ్ 15 నుంచి షేరింగ్ టైమ్‌లో ఓటీపీ నోటిఫికేషన్లను దాచే ఏర్పాటు ఉంది. కానీ మన ఇళ్లలో పెద్దవాళ్ల చేతుల్లో ఉండేది ఎక్కువగా మనం వాడి ఇచ్చిన పాత ఫోనే!

ఒకవేళ ఎవరైనా ఆల్రెడీ యాక్సెప్ట్ కొట్టేశారనుకోండి. ముందు నెట్ ఆపేయండి, వైఫై కూడా. ఆ ఫోన్ పక్కన పెట్టి, వేరే ఫోన్ నుంచి బ్యాంక్‌కి చెప్పి అకౌంట్ బ్లాక్ చేయించండి. డబ్బులు పోయి ఉంటే వెంటనే 1930కి కాల్ చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు మధ్యలో ఆపే ఛాన్స్ అంత ఎక్కువ. యాప్ తీసేయడం, యాక్సెసిబిలిటీ ఆఫ్ చేయడం, పిన్‌లు మార్చడం ఆ తర్వాత.

నాన్నగారు ఆ రోజు నన్ను అడిగారు కాబట్టి సరిపోయింది. ఆ సాయంత్రమే ఆయన చేతే ఫోన్‌లోంచి యాప్ తీయించాను. ల్యాప్‌టాప్‌కి మాత్రం విండోస్‌లో ఉండే క్విక్ అసిస్ట్ వాడుతున్నాం. అందులో కోడ్ నా దగ్గర పుడుతుంది, ఆయన టైప్ చేస్తారు, కాసేపటికి అది చెల్లదు. మోసగాళ్లు దాన్నీ వాడతారు లెండి, అందుకే వీడియో కాల్‌లో నా ముఖం చూశాకే కోడ్ కొడతారు. మొన్న ప్రింటర్ పని చేయక నేనే మామూలు కాల్ చేస్తే, "ముందు వీడియో ఆన్ చెయ్యరా" అన్నారు.