పెరటి పాదు నుండి మేడ మీది కుండీ దాకా: విశాఖ ఇంటితోటల పదజాలం

విశాఖపట్నంలో ఇంటితోట ఇప్పుడు చాలావరకు పైకప్పు మీదికి చేరింది. పెరడు పోయి అపార్టుమెంటు వచ్చినచోట మొక్కతోపాటు దానిని అంటిపెట్టుకున్న మాటలు కూడా మేడ ఎక్కవలసి వచ్చింది. వాటిలో ఏవి ఎక్కాయి, ఏవి కిందనే ఉండిపోయాయి అన్నది ఈ వ్యాసంలో పరిశీలనాంశం.

ముందుగా 'పాదు'. మొక్క మొదట్లో నీరు నిలవడానికి తీసే గుంట ఒక అర్థం. తీగజాతి మొక్క మరొక అర్థం. బీరపాదు, ఆనపపాదు అనడంలో గుంట పేరు తీగకు సంక్రమించిందని భావించవచ్చు. కుండీలో గుంట తీయవలసిన పనిలేదు. అయినా మేడ మీద పెంచేవారు 'బీరపాదు బాగా పాకింది' అనే అంటున్నారు. గుంట పోయింది, మాట మిగిలింది. 'మడి'కి ఆ అదృష్టం దక్కలేదు. తోటకూర మడి స్థానంలో 'గ్రో బ్యాగు' వచ్చి కూర్చుంది. సరుగుడు గుంజలకు బదులు ఇనుప గొట్టాలు, కొబ్బరితాడుకు బదులు నైలాను వల వచ్చినా పందిరి మాత్రం పందిరే. పొట్లకాయ వంకర తిరగకుండా కొనకు రాయి కట్టే అలవాటు కూడా పోలేదు.

ఎరువు దగ్గర నష్టం ఎక్కువ. పశువుల ఎరువుకు ఉత్తరాంధ్రలో 'గత్తం' (గెత్తం) అన్నది వాడుకమాట. సంచిలో కొనే 'వర్మీ కంపోస్టు'ను ఎవరూ గత్తం అనరు. నూతిగట్టు నుండి పారే నీటితో అరటి, కంద పెరిగే ఏర్పాటు నూతితోపాటే పోయింది.

'మిద్దెతోట' అన్న మాటది వేరే దారి. కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి హైదరాబాదులో చేసిన కృషితో అది విస్తృతంగా ప్రచారంలోకి వచ్చింది. విశాఖవారికి ఇంటి పైభాగం మేడ లేదా డాబా, మిద్దె కాదు. అయినా తోట అనేసరికి మిద్దెతోట అంటున్నారు. ఆనపను 'సొర' అనే విత్తన పొట్లాలు కూడా ఇదే పని చేస్తున్నాయి. దీనిని మాండలికంపై దాడిగా చూడడం తొందరపాటు. కొత్త వస్తువు తన పేరును తానే వెంట తెచ్చుకుంటుంది.

ఈ నగరానికే ప్రత్యేకమైన చిక్కు మరొకటుంది. 1933లో ప్రారంభమైన ఓడరేవుకు దగ్గరి పాతపట్నం, జ్ఞానాపురం ప్రాంతాలలో బొగ్గుపొడి డాబాల మీద పేరుకోవడం పాత ఫిర్యాదే. ఆకుమీద పొడి పేరుకుంటే వెలుతురు తగ్గుతుంది, పత్రరంధ్రాలు మూసుకుపోతాయి. గరుకైన ఆకులు పొడిని మరింత పట్టి ఉంచుతాయి. తొక్క తీసి వండుకునే ఆనప, బీరలకు దీని బెడద తక్కువ. ఆకుకూరలను పలుమార్లు కడగక తప్పదు. నేను విన్నంతలో దీనిని 'డస్టు' అంటున్నారే గాని నుసి అనో, పొడి అనో అనడం అరుదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నగరంలో అసంఖ్యాకంగా చెట్లను కూల్చింది. కుండీని లోపలికి జరపవచ్చు. పెరటి పనసను జరపలేము. పెద్దచెట్ల పేర్లు ఇంటితోట మాటల్లో పలచబడడానికి ఇదీ ఒక కారణమే.

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలను సేకరించింది. ఆ పద్ధతిలో ఇంటితోట మాటలను సేకరించేవారు ఉక్కు కర్మాగారానికి భూములిచ్చి గాజువాక, పెదగంట్యాడ పరిసరాల పునరావాస కాలనీలకు చేరిన కుటుంబాల దగ్గరికి ముందు వెళ్లాలి. పొలమూ పెరడూ రెండూ ఎరిగిన పెద్దవారు, ముఖ్యంగా స్త్రీలు, అక్కడ ఇంకా ఉన్నారు. ప్రశ్నావళి కంటే కుండీ దగ్గర నిలబడి మాట్లాడించడమే మేలు. చేయి మట్టిలో ఉన్నప్పుడు గత్తం అన్న మాట దానంతటదే వస్తుంది.