బొమ్మ ఉంచాలా, తీసేయాలా?

నువ్వడిగిన ప్రశ్న చిన్నదే అమ్మడూ. మాట పైన బొమ్మ ఉంచాలా, తీసేయాలా అని. మీ బళ్లోకి ట్యాబులొచ్చాయి, వాటిలో సాఫ్ట్‌వేరు వచ్చింది. 'నీళ్లు' అని కొడితే పైన గ్లాసు బొమ్మ ప్రత్యక్షమవుతోంది. పిల్లలు గడగడా చదివేస్తున్నారని హెడ్మాస్టరు గారు మురిసిపోతున్నారు. నీకు మాత్రం ఎక్కడో అనుమానం కొడుతోంది. కొట్టాల్సిందే. ఈ తగాదా నీకంటే చాలా పెద్దది, వయసులో.

ఈ బొమ్మల సంగతిలో ముందు చెప్పుకోవాల్సింది ఒక మొండి మనిషి గురించి. ఛార్లెస్ బ్లిస్ అని, 1897లో అప్పటి ఆస్ట్రియా-హంగరీలో పుట్టాడు. కెమికల్ ఇంజినీరు. యూదుడు కావడం వల్ల నాజీలు పట్టుకుని డాకౌ, బూకెన్‌వాల్డ్ శిబిరాల్లో పెట్టారు. ఎలాగో బయటపడి షాంఘై చేరాడు. అక్కడ చైనా లిపి బోర్డులు చూశాడు. ఒకరి మాట ఒకరికి అర్థంకాని వాళ్లు కూడా అదే బోర్డు చదివేసుకుంటున్నారు. ప్రపంచమంతటికీ ఇలాంటి బొమ్మల రాత ఒకటుంటే మనుషుల మధ్య ఈ పోట్లాటలే ఉండవనుకున్నాడు. ఆస్ట్రేలియా వెళ్లి, ఏళ్ల తరబడి కూర్చుని, 1949లో పుస్తకం వేశాడు. ఎవరూ పట్టించుకోలేదు పాపం.

1971లో కెనడాలోని టొరంటోలో షర్లీ మెక్‌నాటన్ అనే టీచరమ్మకు అది కంటపడింది. ఆవిడ దగ్గరున్నది సెరిబ్రల్ పాల్సీ పిల్లలు. బుర్రలో బోలెడుంది, నోరు మాత్రం సహకరించదు. బ్లిస్ గుర్తులను బోర్డు మీద పేర్చి ముందు పెడితే, పిల్లలు వేలితో చూపిస్తూ మాట్లాడటం మొదలుపెట్టారు! బ్లిస్ ఎగిరి గంతేశాడు. ఆ తర్వాత, నా గుర్తుల్ని మీ ఇష్టమొచ్చినట్టు మారుస్తారా అని వాళ్ల మీదే కోర్టుకెక్కాడు. మేధావులతో అదొక గొడవ.

ఆ తర్వాత దారి తొందరగానే నడిచింది. 1981లో అమెరికాలో రొక్సానా మేయర్ జాన్సన్ తేలిక గీతల బొమ్మల పుస్తకం తెచ్చింది. బోర్డ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేరులో ఉన్నవి ఆ బొమ్మలే. ఇంగ్లండులో విడ్జిట్ అనే కంపెనీ, మనం టైపు చేస్తుంటే ప్రతి మాట నెత్తిన బొమ్మ వచ్చి కూర్చునే ప్రోగ్రాము చేసింది. చెన్నైలో విద్యాసాగర్ సంస్థతో కలిసి అజిత్ నారాయణన్ బృందం ఆవాజ్ తయారుచేసింది. బొమ్మ నొక్కితే ట్యాబే పలుకుతుంది. డబ్బు లేదంటావా, స్పెయిన్లోని అరగాన్ ప్రభుత్వం అరసాక్ పేరుతో వేల బొమ్మలు ఊరికే ఇస్తోంది. అమ్ముకోకుండా ఎవరైనా వాడుకోవచ్చు.

ఈ ప్రోగ్రాము లోపల జరిగేది మంత్రమేమీ కాదు. మాటల పట్టిక ఒకటుంటుంది, ప్రతి మాటకూ ఎదురుగా బొమ్మ. నువ్వు కొట్టిన మాటను పట్టికలో వెతికి బొమ్మ తెచ్చి పెడుతుంది. ఇంగ్లిషుకు ఇది సులువు. మన దగ్గరే చిక్కు. బడి, బడికి, బడిలో, బడినుంచి, బళ్లో, బళ్లోకి... అన్నీ ఒక బడే అని యంత్రానికి ఎవరో చెప్పాలి కదా. వెళ్లాడు, వెళ్లలేదు, వెళ్లకు అన్నింటికీ ఒకే నడిచే మనిషి బొమ్మ వేస్తే పిల్లాడికి తలాతోకా తెలియదు. అందుకే ఇంగ్లిషు సాఫ్ట్‌వేరుకు తెలుగు అంగీ తొడిగి, ఇదిగో అయిపోయింది అనేవాళ్లను నేను నమ్మను.

సరే, నీ అనుమానానికి వద్దాం. 1967లో జే శామ్యూల్స్ అని అమెరికా ఆయన ఇంకా చదవడం రాని చిన్నపిల్లల్ని తీసుకుని కొన్ని చిన్న మాటలు నేర్పాడు. కొందరికి మాట పక్కన బొమ్మ పెట్టాడు, కొందరికి ఉత్త మాటే. నేర్పుతున్నంతసేపూ బొమ్మల జట్టుదే పైచేయి. పరీక్షలో బొమ్మలు తీసేసి అడిగితే, బొమ్మ లేకుండా నేర్చుకున్నవాళ్లే ఎక్కువ చదివారు. ఎందుకంటే బొమ్మ జట్టు చదవనే లేదు, బొమ్మ చూసి చెప్పేసింది! మీ బళ్లో గడగడా వినిపిస్తున్నది కూడా అదేనేమో చూసుకో.

ఆ రోజుల్లోనే కెనడాలో లియాన్ కామిన్ ఎలుకలతో ఇంకో తమాషా కనిపెట్టాడు. ముందు ఒక చప్పుడు, వెంటనే చిన్న షాకు. ఎలుక చప్పుడు వింటేనే భయపడటం నేర్చుకుంది. తర్వాత చప్పుడుతో పాటు దీపం కూడా వెలిగించి షాకిచ్చాడు, చాలాసార్లు. చివరికి దీపం ఒక్కటీ వెలిగిస్తే ఎలుక పెద్దగా బెదరలేదు. చప్పుడే మొత్తం కబురు చెప్పేస్తుంటే దీపంతో దానికేం పని? బొమ్మను చప్పుడనుకో, అక్షరాలను దీపమనుకో. 1990లో సింగ్, సోల్మన్ అనే ఇద్దరు బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల్లో చూశారు. బొమ్మ చూసి ముందే చెప్పగలిగిన మాటకు ఆ బొమ్మనే తోడు పెడితే, అక్షరాల రూపు పట్టుకోవడం ఆలస్యమవుతోంది. ఏ పిల్లలకు సాయమనుకుని బొమ్మ ఎక్కువ పెడతామో, వాళ్లకే అది అడ్డు పడుతోందన్నమాట.

అలాగని బొమ్మలన్నీ చించి పారేస్తావేమో, ఆగు. 1984లో లినియా ఎరి, ఆవిడ తోటివాళ్లు అక్షరం ఆకారాన్నే బొమ్మలో కలిపి గీయించారు. పాము ఒంపే 'ఎస్' అక్షరం అన్నట్టు. ఆ పిల్లలకు అక్షరాలు, వాటి ధ్వనులు బాగా అంటుకున్నాయి. అదే బొమ్మను అక్షరం ఆకారంతో సంబంధం లేకుండా గీస్తే ఆ లాభం రాలేదు. మన వాచకాల్లో 'అ' పక్కన అమ్మ బొమ్మ ఈ రెండో రకం. అమ్మను చూస్తే 'అ' ఎలా ఉంటుందో ఎవరికీ గుర్తురాదు. మన ఓనమాలకు ఒంపులకేం తక్కువ? ఎవరైనా మంచి చిత్రకారుడు కూర్చుని గీస్తే బాగుండును.

కాబట్టి నేను చెప్పేది ఇది. మాట్లాడే బోర్డులో బొమ్మ తీయకు, ఎప్పటికీ తీయకు. అది మాట్లాడలేని పిల్లాడి నోరు. రోజు పనుల పట్టికలో ఉంచు, కథ అర్థం కావడానికి ఉంచు. మాట చదవడం నేర్పే ఆ పది నిమిషాలు మాత్రం బొమ్మ ఆపెయ్. చాలా ప్రోగ్రాముల్లో దానికి మీట ఉంటుంది. ఒక్కసారిగా వద్దనుకుంటే బొమ్మను రోజురోజుకూ చిన్నది చేస్తూ, రంగు వెలవెలబోయేలా చేస్తూ పో. ఈత నేర్చేవాడి నడుముకు కట్టిన బెండు లాంటిదది, వదులు చేస్తూ పోవాలి.

ఈ అక్షరాల పట్టుదల ఎందుకు తాతయ్యా, బొమ్మలతో సరిపెట్టుకోకూడదా అంటావు. బోర్డు మీద ఎన్ని బొమ్మలుంటే అన్నే మాటలు. అవి కూడా పెద్దవాళ్లు ఎంచినవి: ఆకలి, నీళ్లు, బాత్రూము. పక్కింటి కుక్క పేరు అందులో ఉండదు. "ఈ టీచరంటే నాకు ఇష్టం లేదు" అసలే ఉండదు. అమెరికాలో కారెన్ ఎరిక్సన్ వంటివాళ్లు ఎన్నాళ్లుగానో చెబుతున్నది ఇదే. పెన్సిలు పట్టలేని పిల్లాడికి మొత్తం అక్షరమాల అందే ఇంకో పెన్సిలు చేసివ్వండి అని.

ఆ ఇంకో పెన్సిలుకు ఒక్క స్విచ్చు నొక్కగల పిల్లాడుంటే చాలు. తెర మీద వెలుగు ఒక్కో గడి మీదికీ జరుగుతుంటుంది, కావలసినచోట నొక్కుతాడు. వరసగా జరిగితే క నుంచి 'న' దాకా ఇరవై గడులు. పాపం, విసుగొస్తుంది. అదే ముందు వరసలు వెలిగి, నొక్కాక ఆ వరసలోని గడులు వెలిగితే? హల్లుల వరకే లెక్కేస్తే 'న'ది నాలుగో వరస, అయిదో గడి, మొత్తం తొమ్మిది అడుగులు. మన హల్లులను క వర్గం, చ వర్గం అంటూ అయిదేసిగా ఎప్పుడో పేర్చి పెట్టారు కనక, ఆ గడుల పలకను నువ్వు కొత్తగా ఆలోచించక్కర్లేదు. అచ్చులను పైన ఒక వరసగా పెట్టు, య ర ల వ లను కింద పెట్టు. ఙ, ఞ లతో వాడికి పనిపడేది అరుదు. ఆ రెండు గడుల్లో ఒకదాంట్లో 'చెరిపెయ్', ఇంకోదాంట్లో 'గట్టిగా చదువు' పెట్టు.