చంటిబిడ్డ సీబీపీలో చూడాల్సిన లెక్క

పుట్టినప్పుడు ఏ లోపమూ కనిపించని బిడ్డ రెండు మూడు నెలలకే నెమ్ముతో ఆస్పత్రిలో చేరతాడు. నోట్లో తెల్లపూత మందు వేసినా తగ్గదు, విరేచనాలు ఆగవు, ఒళ్లు చేయదు. యాంటీబయాటిక్ మారుస్తారు, ఇంటికి పంపుతారు, మళ్లీ తీసుకొస్తారు. ఏడాది నిండకుండానే పోతే నిమోనియా అని రాస్తారు. ఇలాంటి పిల్లల్లో కొందరి అసలు జబ్బు స్కిడ్. క్రిములతో పోరాడే టీ కణాలు పుట్టుకతోనే తయారు కాకపోవడం. ఇది అరుదే. కానీ దీన్ని అనుమానించడానికి తగిన ఆధారం చాలాసార్లు బిడ్డ ఫైల్లోనే పడి ఉంటుంది.

ఆ ఆధారం సీబీపీ, జ్వరమొస్తే అందరికీ రాసే రక్తపరీక్ష. తెల్లకణాలు 6,000, అందులో టీ కణాలు కూడా చేరే రకమైన లింఫోసైట్లు 30 శాతం అని ఉందనుకోండి. లెక్కకడితే 1,800. పెద్దవాళ్లకిది మామూలే; కాగితం మీద పక్కన పెద్దల కొలతే అచ్చయి ఉంటే ఎవరి కన్నూ అక్కడ ఆగదు. నెలల బిడ్డకు మాత్రం 3,000 లోపు వస్తే ఆగి చూడాల్సిందే. ఇన్ఫెక్షన్ వల్ల కూడా తాత్కాలికంగా తగ్గొచ్చు కాబట్టి పరీక్ష మళ్లీ చేయించాలి. అప్పుడూ తక్కువే ఉంటే ఫ్లో సైటోమెట్రీతో టీ కణాలను లెక్కపెట్టించాలి. తల్లి కణాలు బిడ్డ ఒంట్లో చేరి లింఫోసైట్ల అంకెను పెంచే సందర్భాలూ ఉన్నాయి గనక సీబీపీ లెక్క జల్లెడే తప్ప తీర్పు కాదు.

ఎక్కడో ఒకరికొచ్చే జబ్బుకు ఇంత ఆరాటమెందుకని అడగొచ్చు. 2008లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం ప్రతి శిశువు మడమ నుంచి తీసిన రక్తపు చుక్కలో ఈ లోపాన్ని వెతకడం మొదలుపెట్టింది. ఆ దేశంలోని 11 కార్యక్రమాల ఫలితాలు 2014లో ప్రచురిస్తే, 58,000 మందిలో ఒకరికి ఉందని తేలింది. అంతకుముందు అనుకున్నదానికంటే ఇది ఎక్కువ. మేనరికాలు ఇప్పటికీ జరుగుతున్న మన తెలుగునాట తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒకే లోపం బిడ్డకు చేరే అవకాశం ఇంకా ఎక్కువ. అలాగని పెళ్లి సంబంధాన్నే తప్పుపట్టలేం. ఎక్స్ క్రోమోజోమ్ ద్వారా మగపిల్లలకొచ్చే రకానికి చుట్టరికంతో పనిలేదు.

కనిపెట్టినా వైద్యం చేయించే స్తోమత ఎందరికుందన్నది ఇంతకన్నా బరువైన ప్రశ్న. మూలకణ మార్పిడి లక్షల్లో పని, కాదనను. కానీ ఆలస్యమైతే ప్రాణం మీదికీ వస్తుంది. అమెరికా, కెనడా కేంద్రాల్లో 2000 నుంచి 2009 దాకా జరిగిన మార్పిడుల్లో, మూడున్నర నెలల్లోపు చేయించుకున్న పిల్లల్లో 94 శాతం మంది ఐదేళ్ల తర్వాత బతికున్నారు. అంతకంటే పెద్దవాళ్లై, ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉండగా చేయించుకున్నవాళ్లలో సగం మందే మిగిలారు.

బీసీజీ, రోటావైరస్ టీకాలు, పోలియో చుక్కలు బతికున్న, బలహీనపరచిన క్రిములతో చేసినవి. ఈ పిల్లలకు అవే ప్రమాదం. అందుకని అందరికీ ఆపేయాలనడం తప్పు; క్షయ ఇంతగా ఉన్న దేశంలో బీసీజీ కావాలి. ఇంట్లో ఇదివరకే పసిబిడ్డ ఇన్ఫెక్షన్లతో పోయి ఉంటే మాత్రం, తర్వాతి కాన్పుకు ముందే డాక్టరుకు ఆ సంగతి చెప్పి, పుట్టిన బిడ్డ టీ కణాల లెక్క తెలిసేదాకా వాటిని ఆపమని అడగాలి.